తిరిగొచ్చే పైసల లెక్క

కోరుట్ల

చి.ల.సౌ. బిడ్డకు పెద్దబాపు ఆశీర్వదించి రాయునది. మీ అవ్వ మోకాళ్ల నొప్పి కొంచెం తగ్గింది. బీడీల చాట పక్కన పెట్టమంటే మాత్రం వినడం లేదు.

ఫోన్లో నువ్వు రెండు మాటలు అడిగావు. ఆన్‌లైన్‌లో కొన్నదానికి పైసలు వాపసిచ్చే సైట్లు నిజమైనవేనా అన్నది మొదటిది. నీ దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్లకు లింకులు పంపి నెలకు ఇంత అని సంపాదించుకోవచ్చునా అన్నది రెండోది. ఫోన్లో చెబితే మీ ఇంటి సాంచాల (మరమగ్గాల) చప్పుడులో సగం మాటలు పోతాయి. బ్యాంకు కౌంటర్లో కూర్చుని జమ, ఖర్చు రాస్తూ ఉద్యోగం చేసినవాణ్ని, కాగితం మీదైతేనే నాకు లెక్క కుదురుతుంది. అందుకే రాస్తున్నాను.

మొదటి మాటకు జవాబు: నిజమే. జగిత్యాలలో పెండ్లి బట్టలు కొనడానికి పోయినప్పుడు, వెంట తీసుకుపోయిన టైలరుకు దుకాణపాయన ఎంతో కొంత ముట్టజెప్పడం నీకు తెలియనిది కాదు. ఇక్కడా అంతే. సైటు నిన్ను పెద్ద దుకాణం వాకిట్లోకి తీసుకుపోతుంది. నువ్వు కొంటే ఆ దుకాణం సైటుకు కమీషన్ ఇస్తుంది, అందులో ఒక వాటాను సైటు నీకు పంచుతుంది. అమెజాన్ ఈ కమీషన్ పద్ధతిని అమెరికాలో 1996లోనే పెట్టింది. ఆ కమీషన్‌లో కొన్నవాళ్లకే వాటా ఇచ్చే పని 1998లో ఈబేట్స్ అనే సంస్థ మొదలుపెడితే, 2014లో జపాన్ కంపెనీ రకుటెన్ దాన్ని సుమారు వంద కోట్ల డాలర్లకు కొన్నది. మన దేశంలో నువ్వు వాడుతున్న క్యాష్‌కరోను 2013లో రోహన్ భార్గవ, స్వాతి భార్గవ అనే దంపతులు పెట్టారు. 2016లో రతన్ టాటా తన సొంత పైసలు అందులో పెట్టారు. కాబట్టి "ఉత్తగ ఎవడిస్తడు" అని మీ మామ అన్నదాంట్లో సగం నిజముంది. ఉత్తగా ఎవరూ ఇవ్వరు. గిరాకీ కోసం దుకాణం పెట్టే ఖర్చులోంచి ఒక ముక్క నీ దాకా వస్తుంది.

అయితే ఆ సైటుకు రూపాయి రావాలంటే నువ్వు ఏదో ఒకటి కొనాల్సిందే. నువ్వు కొనకుండా ఊరుకున్న రోజు దానికి రాబడి లేదు. పొద్దున లేచేసరికి నీ ఫోన్లో అన్ని మెసేజీలు ఎందుకుంటాయో దీంతో అర్థమవుతుంది. వాళ్లది తప్పని నేననను, అది వాళ్ల వ్యాపారం. నీ వ్యాపారం వేరు. నీ ఇంటికి ఏం కావాలో ముందు నువ్వు రాసుకోవాలి, ఆ తరువాతే సైటు తెరవాలి. సైటు తెరిచి, అందులో వాపసు ఎక్కువగా దేనికి ఉందో చూసి, అది మనకు కావాలేమో అని ఆలోచించడం మొదలైతే లెక్క తలకిందులైనట్టే. అక్కర లేని వెయ్యి రూపాయల వస్తువు మీద యాభై తిరిగొస్తే, నీకు వచ్చింది యాభై కాదు బిడ్డా, పోయింది తొమ్మిదివందల యాభై.

నువ్వు పంపిన మిక్సీ ఫోటో చూశాను. ధర 3,540, పక్కన పచ్చ అక్షరాల్లో 5 శాతం వరకు వాపసు అని ఉంది. 177 రూపాయలు వస్తాయని నువ్వు సంతోషపడ్డావు. ఒక్కసారి నాతో కలిసి లెక్క చూడు. చాలా సైట్లు జీఎస్టీ తీసేసి మిగిలిన ధర మీదే వాపసు కడతాయి. మిక్సీకి 18 శాతం జీఎస్టీ, అది తీస్తే ఉండేది 3,000. దాని మీద 5 శాతమంటే 150. ఆ అయిదు కూడా "వరకు" మాత్రమే. లోపల రేట్ల పట్టిక తెరిస్తే బట్టలకు ఒకటి, వంటింటి సామానుకు ఒకటి, ఫోన్లకు ఒకటి కనిపిస్తాయి. వంటింటి సామానుకు మూడు శాతమే రాసి ఉంటే చేతికొచ్చేది 90. అదే మిక్సీ మీ సిరిసిల్ల గాంధీ చౌక్ దగ్గర దుకాణంలో 3,400కు ఇస్తానంటే, జార్ మూత పగిలినప్పుడు పోయి అడగడానికి మనిషి కూడా ఉంటాడు. నువ్వు ఎప్పుడూ చూడాల్సింది చివరికి నీ చెయ్యి దాటే మొత్తమే. ఎంత తిరిగొచ్చింది అన్నది ఆ మొత్తంలో ఒక అంకె, అంతే.

ఆ 90 కూడా వెంటనే రాదు. వస్తువు వాపసు చేసే గడువు దాటాలి, అమ్మకం ఖాయమైందని దుకాణం సైటుకు చెప్పాలి, ఆ తరువాత కమీషన్ పంపాలి. దీనికి రెండు మూడు నెలలు పట్టడం మామూలే. పెండింగ్‌లో కనిపించే అంకెను అందుకే ఎన్నడూ జమ అనుకోకు. దాన్ని చూసుకుని కరెంటు బిల్లు కడతానని అల్లుడికి మాట ఇవ్వకు. కొన్ని దుకాణాల విషయంలో నగదు అసలు రాదు, గిఫ్ట్ కార్డు రూపంలో వస్తుంది. అది మళ్లీ అక్కడే ఖర్చు పెట్టాలి, బ్యాంకులో వేసుకోవడానికి కుదరదు. కొనకముందే ఆ ముక్క చదవాలి.

మొన్న మీ అన్న దుబాయ్ నుంచి అవ్వకు ఫోన్ కొన్నప్పుడు పైసలు ఎందుకు రాలేదని అడిగావు కదా. లింకు నొక్కింది సిరిసిల్లలో నీ ఫోన్లో, ఆర్డర్ పెట్టింది దుబాయ్‌లో వాడి ఫోన్లో. నువ్వు లింకు నొక్కగానే ఆ ఫోన్లో ఒక గుర్తు పడుతుంది, ఈ గిరాకీని పంపింది ఫలానా సైటు అని. ఆర్డర్ కూడా అదే ఫోన్లో, అదే వరుసలో పూర్తయితేనే దుకాణానికి ఆ గుర్తు కనిపిస్తుంది. మధ్యలో ఇంకో సైటుకు పోయి కూపన్ వెతికినా, ఇంకెవరో పంపిన లింకు తెరిచినా పాత గుర్తు పోయి కొత్తది పడుతుంది. చివర నొక్కిన లింకుకే కమీషన్ అన్నది ఈ వ్యాపారంలో మామూలు పద్ధతి. దీని మీద అమెరికాలో పెద్ద గొడవే అయింది. కూపన్లు వెతికిపెట్టే హనీ అనే సాఫ్ట్‌వేర్, పేపాల్ కంపెనీది, వేరేవాళ్లకు రావాల్సిన కమీషన్‌ను చివరి నిమిషంలో తన పేరు మీదికి మార్చుకుంటోందని 2024 డిసెంబర్‌లో ఒక యూట్యూబర్ ఆరోపించాడు, తరువాత కోర్టు కేసులూ పడ్డాయి. మనం చేయగలిగిందల్లా ఒకటే. బుట్ట ఖాళీ చేసి, లింకు నొక్కి, ఎటూ పోకుండా ఆ ఒక్క వస్తువు కొని బయటకు రావడం. ఆర్డర్ నంబరు, తేదీ నోటుబుక్కులో రాసిపెట్టుకో. వాపసు నమోదు కాకపోతే ఫిర్యాదు పెట్టడానికి గడువు ఉంటుంది, అప్పుడు ఆ రెండే అడుగుతారు.

ఇక పండుగ సంగతి. ఫ్లిప్‌కార్ట్ బిగ్ బిలియన్ డేస్ అని 2014 అక్టోబర్‌లో మొదలుపెట్టింది. అప్పటి నుంచి ఏటా బతుకమ్మ, దసరా దగ్గరికి రాగానే అన్ని కంపెనీలూ అదే పని. వాపసు శాతాలు కూడా అప్పుడే పెంచుతారు. సిరిసిల్లలో మీ కూలి ఎట్లా వస్తుందో నేను చెప్పనక్కర లేదు. 2017లో ప్రభుత్వం బతుకమ్మ చీరలు మీకే నేయమని ఇచ్చినప్పుడు కొన్నాళ్లు చేతి నిండా పని. ఆర్డర్ లేనప్పుడు సాంచాలు బంద్, ఆసామి దగ్గర కూడా పైసలు ఉండవు. పని ఉన్న నెలల కూలే పని లేని నెలల తిండి. సరిగ్గా ఆ కూలి చేతికొచ్చిన రోజుల్లో ఫోన్ "ఇంకా రెండే మిగిలాయి", "పన్నెండు నిమిషాల్లో ఆఫర్ అయిపోతుంది" అని తొందరపెడితే నాకు భయమేస్తుంది. ఇట్లా అబద్ధపు తొందర పెట్టడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబర్ 30న ఇచ్చిన మార్గదర్శకాల్లో తప్పని తేల్చింది. అటువంటి ఎత్తులు పదమూడు రకాలు గుర్తించింది. అయినా కనిపిస్తూనే ఉంటాయి. గడియారం తిరుగుతున్నది చూస్తే ఫోన్ బోర్లా పెట్టి కుట్టుపని చేసుకో. వస్తువు మరునాడు కూడా అక్కడే ఉంటుంది.

అల్లుడి పొదుపు ఖాతా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నేతన్నకు చేయూత అని 2017లో పెట్టిన పథకంలో మరమగ్గాల కార్మికుడు తన కూలిలో 8 శాతం వేస్తే ప్రభుత్వం ఇంకో 8 శాతం కలుపుతుందన్నారు. అంటే దాచుకున్న వందకు వంద తోడు. ఖర్చు పెట్టిన వందకు మూడో నాలుగో తిరిగొచ్చే చోట నువ్వు రోజూ గంట సేపు వెతుకుతున్నావు. దాచుకుంటే తోడు పడే చోట ఒక నెల వాటా కట్టకపోతే పోయేదేమిటి అన్నావు, ఆ మాట నా మనసులో ముల్లులా ఉండిపోయింది. పొదుపుకు వేసే పైసలు ఏ పండుగకూ ఆపవద్దు. పథకాల పేర్లు, నియమాలు మారుతుంటాయి కాబట్టి చేనేత జౌళి శాఖ ఆఫీసులో మీ ఖాతా ఇప్పుడు ఎట్లా ఉందో అల్లుణ్ని అడిగి రమ్మను.

రెండో మాటకు వస్తాను. లింకులు పంపి సంపాదించడానికి ఎర్న్‌కరో లాంటివి వచ్చాయి, అదీ చట్టబద్ధమైన పనే. నువ్వు చేస్తానంటే నేను వద్దనను. కాని నీ దగ్గరికి జాకెట్టు కొలతలకు వచ్చే మనిషి నీ మాట మీద నమ్మకంతో వస్తుంది. ఆ లింకు ద్వారా కొంటే నాకు కమీషన్ వస్తుంది అని ఆమెకు ముందే చెప్పు. చెబితే ఎవరూ కోపగించుకోరు, దాచితే తెలిసిన రోజు నీ కుట్టు గిరాకీ కూడా పోతుంది. బీడీలు చుట్టే ఆడమనిషికి ఇంటి ఖర్చు పోను మిగిలేదెంతో మీ అవ్వను చూసి పెరిగిన నీకు తెలుసు, ఆమెకు అక్కర లేని పట్టీల సెట్టు ఫోటో పంపి ఆశపెట్టకు. వాళ్ల కోసం నీ ఖాతాలో నీ పైసలు పెట్టి ఉద్దెరకు ఆర్డర్లు పెట్టకు. వస్తువు నచ్చలేదని ఒకరు, పైసలు వచ్చేవారమని ఇంకొకరు అంటారు, వాపసులు ఎక్కువైతే దుకాణం నీ ఖాతానే ఆపేస్తుంది.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. నిజమైన క్యాష్‌బ్యాక్ సైటు నీ దగ్గర చేరడానికి రూపాయి అడగదు. ముందు ఇంత కట్టు, ఇద్దరిని చేర్చు, వాళ్లు ఇంకో ఇద్దరిని చేరుస్తారు అన్నారంటే అది వేరే పని. అట్లాంటి గొలుసు పథకాలను 1978 చట్టం నిషేధించింది. 2011లో స్పీక్ ఏషియా అనే కంపెనీ దేశమంతా ఇట్లాగే కూలింది. కంప్యూటర్లో సర్వేలు నింపితే పైసలన్నారు, చేరడానికి పదకొండువేలు కట్టించుకున్నారు. ఇప్పుడు అదే వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో "టాస్కు" పేరుతో వస్తోంది. మొదట నూట యాభై నిజంగానే ఇస్తారు. నమ్మకం కుదిరాక అయిదువేలు కట్టు, ఏడువేలు ఇస్తామంటారు. ఆ తరువాత మీ పైసలు ఇరుక్కున్నాయి, విడిపించడానికి ఇంకో ఇరవైవేలు కట్టమంటారు. గల్ఫ్‌లో కష్టపడి పంపిన పైసలు మన కోరుట్ల, మెట్‌పల్లి ఇళ్లలో ఉంటాయని వాళ్లకు తెలుసు. క్యాష్‌బ్యాక్ తీసుకోవడానికి యూపీఐ పిన్ కొట్టమని ఎవరన్నా అడిగితే ఫోన్ పెట్టెయ్యి. పిన్ కొడితే నీ ఖాతాలోంచి పైసలు పోతాయే తప్ప రావు. ఒకవేళ పోతే సిగ్గుపడి ఇంట్లో దాచవద్దు. ఆ క్షణమే 1930కు ఫోన్ చెయ్యి. ఎంత తొందరగా చెబితే, దొంగ ఖాతాలో పైసలను ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. దుకాణం మోసమైతే నంబరు వేరే, 1915, వినియోగదారుల హెల్ప్‌లైన్.

కొత్త కుట్టు మిషన్ ఆన్‌లైన్‌లో కొననా అన్నావు. కొనకు. మిక్సీ, చార్జరు, పిల్లల బూట్ల వంటివి సరే. మిషన్ మీద నువ్వు రోజంతా కూర్చోవాలి. కాలికి, నడుముకు ఎత్తు కుదిరిందో లేదో కూర్చుని తొక్కి చూడాలి, మోటార్ చప్పుడు వినాలి. కరీంనగర్ పోయి చూసి, రిపేరు మనిషి సిరిసిల్లకు వస్తాడా అని అడిగి తీసుకో. ధరలో రెండువందలు ఎక్కువైనా బాధ లేదు, నీ దగ్గర పైసలు తక్కువపడితే నేనేస్తాను.

నీ క్యాష్‌బ్యాక్ ఖాతాలో ఖాయమైన పైసలు ఎన్ని ఉన్నాయో ఈ వారంలో చూసుకో. కనీస మొత్తం దాటి ఉంటే వెంటనే బ్యాంకుకు మార్చుకో. అక్కడ పడి ఉంటే వడ్డీ రాదు, సైటు మూతపడితే అడగడానికి దిక్కు ఉండదు. పిల్లవాడి పేరు మీద పోస్టాఫీసులో ఖాతా ఉంది కదా, ఆ పైసలు అందులో జమ చెయ్యి.

ఇట్లు,
మీ పెద్దబాపు