చెరసాలలో దేవదర్శన వ్రతము

మారికుప్పము స్టేషనులో రైలెక్కి, బంగారుపేటలో మదరాసు దారి పట్టినచో, జోలార్‌పేట దాటిన పిమ్మట కాట్పాడి వచ్చును. దాని చెంతనే వేలూరు కలదు. బంగారు గనుల ప్రాంతపు వర్తక కుటుంబములకు వైద్యమునకై ఆ ఊరికి పోవుట వాడుకే. కాని ఆ ఊరి జైలులో ఒక జైన పండితుడు దేవదర్శనమునకై ఆహారము మానిన సంగతి కొద్దిమందికే తెలియును.

ఆయన పేరు అర్జునలాల్ సేఠీ. 1880లో జయపురమున జన్మించెను. బి.ఏ. పట్టము పొందియు ఉద్యోగములకై ఆశపడక, 1907లో జయపురమున వర్ధమాన విద్యాలయమును నెలకొల్పెను. దూరప్రాంతముల నుండియు జైన బాలురు వచ్చి అచ్చట చేరిరి. వారికి ధర్మశాస్త్రముతో పాటు స్వదేశాభిమానమును బోధింపబడెను.

1913లో బీహారునందలి నిమేజు గ్రామమున ఒక మహంతు హత్య జరిగెను. విప్లవకార్యమునకు ధనము కూర్చుటయే దాని ఉద్దేశము. ఆ నేరమునకు సేఠీ విద్యార్థి మోతీచందు ఉరితీయబడెను. సేఠీ మాత్రము దోషియని ఏ న్యాయస్థానమును తీర్పు చెప్పలేదు. అయినను 1914లో ఆయనను పట్టి, విచారణ లేకయే నిర్బంధించిరి. మొదట జయపురమున ఉంచి, తరువాత స్వజనులకు దూరముగా వేలూరు జైలునకు పంపిరి.

అచ్చట జినబింబ దర్శనము లేదు. దర్శనము కానిదే భుజింపనను నియమము గల ఆయన అనేక దినములు నిరాహారుడై యుండెను. విడుదల చేయుడని జైన సమాజములు విన్నపములు పంపెను. అనీబిసెంటమ్మ ఆయన పక్షమున గట్టిగా వాదించెను. తుదకు 1920లో ఆయనకు విముక్తి కలిగెను. 1941లో అజమీరునందు మరణించెను.

ఈ చరిత్రము చదివిన శ్రావకునకు ఒక సందేహము కలుగక మానదు. హత్యతో సంబంధము గల విద్యాలయపు గురువును జైనులు గౌరవింపవచ్చునా? హింస హింసయే, ఉద్దేశము మంచిదైనంత మాత్రమున అది అహింస కాజాలదు. శిష్యుని దోషమును కప్పిపుచ్చ నవసరము లేదు. కాని ఒకరి దోషమును వేరొకరిపై మోపుటయు న్యాయము కాదు. లెక్క చూడకయే బాకీ వ్రాయుట ఏ వర్తకుడును ఒప్పుకొనడు. అనేకాంతము నేర్పునది ఇదియే: ఎదుటివాని మాట కూడ వినిన పిమ్మటనే నిర్ణయము చేయవలెను.

1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము ఈ నీతిని చట్టముగా చేసినది. మతమును అవలంబించుటకు, ఆచరించుటకు, ప్రచారము చేయుటకు 25వ అధికరణము హక్కు నిచ్చుచున్నది. అరెస్టయిన వానికి కారణము తెలిపి, 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెనని 22వ అధికరణము విధించుచున్నది. అయితే ముందుజాగ్రత్త నిర్బంధమునకు అదే అధికరణమున మినహాయింపు కలదు.

కావున ఈ చిక్కు తెల్లదొరలతో పోయినది కాదు. బెంగుళూరులో ఇండియన్ సోషల్ ఇన్‌స్టిట్యూటునకు ఒకప్పుడు డైరెక్టరుగా నుండి, పిదప జార్ఖండు ఆదివాసుల హక్కులకై పాటుపడిన క్రైస్తవ ఫాదరీ స్టాన్ స్వామిని 2020 అక్టోబరులో అరెస్టు చేసిరి. వయస్సు 83. మావోయిస్టులతో సంబంధమను ఆరోపణను ఆయన నిరాకరించెను. చేతులు వణకు వ్యాధి వలన నీరు త్రాగుటకు గొట్టమును కోర్టు ద్వారా కోరవలసి వచ్చెను. విచారణ మొదలు కాకయే 2021 జూలై 5న నిర్బంధములోనే మరణించెను.

ఒకరు కోరినది దర్శనము, మరియొకరు కోరినది నీటి గొట్టము. ఇద్దరికిని దక్కవలసినది సకాలములో విచారణ. 2014లో జైనులు జాతీయ అల్పసంఖ్యాక వర్గముగా గుర్తింపబడిరి. తమవానికై నాడు విన్నపములు పంపిన సమాజము, పరమతస్థునికి అట్టి కష్టము వచ్చినప్పుడును నోరు విప్పవలెను. అభయదానము దానములలో గొప్పదని బాలబాలికలకు నేర్పునప్పుడు, వేలూరు జైలు కథను కూడ చెప్పుట మేలు.