నూటికి మూడు రూపాయలు: గృహ ఋణము, గృహ వ్యయ పట్టిక

మన యిండ్లలో వడ్డీని సంవత్సరమునకు ఇన్ని శాతములని చెప్పుకొను అలవాటు లేదు. నూటికి రూపాయి, నూటికి రెండు, నూటికి మూడు అందురు. వంద రూపాయలకు నెలకు మూడు రూపాయలన్న మాట. వినుటకు అది చాల చిన్న మొత్తము. నేడు మూడు రూపాయలకు ఒక కప్పు తేనీరు కూడ రాదు. దానిని పండ్రెండుచే గుణించి చూచినవారికి మాత్రమే అది ఏడాదికి 36 శాతమని తెలియును. రూపాయి వడ్డీ 12, రెండు రూపాయల వడ్డీ 24, ఐదు రూపాయల వడ్డీ 60 శాతము. వాణిజ్యశాస్త్ర విద్యార్థి తరగతిలో వడ్డీని శాతములలో నేర్చుకొనును. ఇంటికి పోయి రూపాయలలో వినును. ఈ రెండును ఒకే లెక్క యని అతనికి చాలకాలము తోచదు.

కొన్నేండ్ల క్రిందట బి.కాం. ద్వితీయ సంవత్సర విద్యార్థులకు ఒక పని అప్పగించితిని. నెల దినములు మీ యింటి జమాఖర్చులు వ్రాసి తెండని చెప్పితిని. చాలమంది చక్కని పట్టికలు తెచ్చిరి. అన్నిటిలోను ఖర్చు ఆదాయముకంటె కొంచెము తక్కువగానే యుండెను. అవి ఇంట వ్రాసినవి కావని, బస్సులో వ్రాసినవని చూడగనే తెలిసినది. ఒక విద్యార్థిని మాత్రము సంకోచించుచు తన పుస్తకము చూపినది. “సార్, ఎన్నిసార్లు కూడినను ఖర్చే ఎక్కువ వచ్చుచున్నది. ఎక్కడ తప్పినదో చూడండి” అన్నది. చూచితిని. కూడికలో తప్పు లేదు. ఆ లోటు ఎట్లు పూడుచున్నదో ఇంటిలో ఎవరును ఆమెకు చెప్పలేదు. ఆ సాయంకాలము తల్లిని అడిగినదట. కళాశాల రుసుము కట్టిన నెలలో తల్లి చేతి గాజులు ఎందుకు కనబడలేదో అప్పుడు తెలిసినది. ఈ వ్యాసము వ్రాయుటకు ఆ పుస్తకమే కారణము. ఆ యింటి లెక్కలు ఇచట ఇచ్చుట మర్యాద కాదు గనుక, అట్టిదే యొక కుటుంబమును ఊహించి చెప్పెదను.

అప్పు ఏ కొద్దిమందికో కలుగు అవమానమనుకొనుట పొరపాటు. 2019 సంవత్సరమునకు సంబంధించిన జాతీయ నమూనా సర్వే 77వ ఆవృత్తి ప్రకారము దేశములో వ్యవసాయ కుటుంబములందు సగము ఋణగ్రస్తములు. ఆంధ్రప్రదేశ్‌లో అట్టివి నూటికి 93, తెలంగాణలో దాదాపు 92. పట్టణములోని చిరుద్యోగి యింటి సంగతి వేరుగా నుండవచ్చును గాని, అప్పును దాచుకొను గుణము మాత్రము రెండు చోట్లను ఒక్కటే.

ఇక మన ఊహా కుటుంబము. కర్నూలు వంటి పట్టణము. తండ్రి బట్టల దుకాణములో గుమాస్తా, నెలకు 18,000 రూపాయలు. తల్లి ఇంటివద్ద మిషను కుట్టి సగటున 4,000 సంపాదించును. మొత్తము 22,000. అత్తగారు, ఇద్దరు పిల్లలు. పెద్ద పిల్ల ఎనిమిదవ తరగతి. ఖర్చు ఇట్లున్నది. ఇంటి అద్దె 5,000, బియ్యము, పప్పు, నూనె మొదలగు సరుకులు 6,000, పాలు, కూరగాయలు, మాంసము 3,200, గ్యాసు, కరెంటు 1,300, బడి, బస్సు 1,900, మందులు 700, ఫోనులు 600, తండ్రిగారి పెట్రోలు, తేనీరు, చిల్లర 2,200. ఇంతవరకు 20,900. అనగా ఈ కుటుంబము తన ఆదాయములోనే బ్రతుకుచున్నది. దుబారా మనుషులు కారు.

కాని వారికి నాలుగు అప్పులు కలవు. కొడుకు ఆపరేషనుకై ప్రామిసరీ నోటుమీద తెచ్చిన 60,000, నూటికి మూడు రూపాయల వడ్డీ. నగలు బ్యాంకులో కుదువబెట్టి తెచ్చిన 80,000, సుమారు రూపాయి వడ్డీ. బావమరిది ఇచ్చిన చేబదులు 20,000. కిరాణా దుకాణములో అరువు 6,000. మొదటిదానికి నెలకు 1,800, రెండవదానికి 800, వెరసి 2,600 వడ్డీ. దీనిని 20,900కు కలిపిన 23,500 అగును. నెలకు 1,500 లోటు. ఆ లోటే నాలుగు నెలలలో కిరాణా దుకాణములో 6,000 అరువైనది. మరి నాలుగు నెలలకు దుకాణదారుడు చేయి అడ్డము పెట్టును. అప్పుడు ఐదవ అప్పు పుట్టును.

ఈ కుటుంబము వడ్డీ క్రమముగా కట్టుచున్నది గనుక తాము నిజాయితీగా ఉన్నామని తృప్తి పడును. నిజాయితీయే, కాని 60,000కు నెలకు 1,800 చొప్పున మూడేండ్లు కట్టిన 64,800 అగును. అసలును మించి కట్టియు, అసలు ఒక్క రూపాయి తగ్గలేదు. వడ్డీ కూడ కట్టలేనివారి స్థితి ఇంకను కష్టము. 1963 నాటి కాలపరిమితి చట్టము ననుసరించి ప్రోనోటు బాకీకి దావా వేయుటకు మూడేండ్లు గడువు. కావున గడువు తీరకముందే అప్పిచ్చినవాడు నోటు తిరుగవ్రాయించుకొనును. అప్పుడు పాత వడ్డీ క్రొత్త అసలులో కలియును. పైలెక్కనే చూడుడు: 1,24,800కు క్రొత్త నోటు, నెలవడ్డీ 3,744. సంతకము చేయువానికి అది పాత అప్పే ననిపించును. చక్రవడ్డీ యను పాఠ్యాంశమును మేము సూత్రముతో బోధింతుము. ఊళ్లలో అది ఈ విధముగా నోటు మార్చుటచే జరుగును.

మొదట చేయవలసినది పొదుపు కాదు, చిట్టా. మూడు నెలలపాటు ఏ ఖర్చును మానకుండ, కేవలము వ్రాయుట. ఎందుకనగా మానవలసినది ఏదో వ్రాయకముందు ఎవరికిని తెలియదు. ప్రతి యింటను భర్త భార్య వంటగదిని అనుమానించును, భార్య భర్త తేనీటి అంగడిని అనుమానించును. పుస్తకము ఇద్దరిని సమానముగా చూచును. ఆదాయము తక్కువైన కొలది అందులో ఆహారమునకు పోవు భాగము ఎక్కువగునని జర్మను గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ 1857లో చూపెను. మన దేశమున 2022–23 సర్వేలో కుటుంబ వ్యయమున ఆహారము పాలు పల్లెలలో సుమారు 46, పట్టణములలో 39 శాతము. మన కుటుంబము సరుకులకు, పాలు కూరలకు కలిపి 9,200 వ్యయించుచున్నది. వడ్డీ కలిసిన 23,500లో అది కూడ 39 శాతమే. కాబట్టి వీరు ఎక్కువ తినుచున్నారనుట సరికాదు. పొదుపనగానే పిల్లల పాలు తగ్గించు ఇండ్లు కలవు. అది పొదుపు కాదు; మందుల పద్దుకు ముందుగా వ్రాసిన ఖర్చు.

మరి ఎక్కడ తగ్గును? అరువు సరుకుకు వడ్డీ లేదందురు. ఉన్నది, ధరలో ఉన్నది, తూకములో ఉన్నది, అన్నిటికంటె మించి ఎంపికలో ఉన్నది. బాకీ ఉన్న కొట్టులో బియ్యము బాగులేదని చెప్పి తిరిగి ఇచ్చుటకు నోరు రాదు. నెల మొదట నగదుతో టోకు అంగడికి పోయి, ముందే వ్రాసుకొన్న జాబితా ప్రకారము కొన్నచో 6,000 సరుకు 5,000కు వచ్చుట అసాధ్యము కాదు. కూరగాయలు ఇంటిముందు బండిపై గాక వారపు సంతలో కొన్న, మాంసము నెలలో ఒక పూట తగ్గించిన 500 మిగులును. తండ్రిగారి చిల్లరలో 900 తగ్గింపవలెను. ఇది అన్నిటికంటె కష్టమైనది. ఏలయనగా ఆ తేనీటి అంగడియే ఆయనకు స్నేహితులు, వార్తలు, మరియొక ఉద్యోగపు ఆశ. పూర్తిగా మాన్పించిన యింట లెక్క నెలకంటె నిలువదు. దినమునకు మూడు కప్పులు ఒకటి యగుట చాలును. దుకాణమునకు రెండు దినములు నడచి, రెండు దినములు బండిపై పోవచ్చును. ఫోనులలో 200. మొత్తము 2,600 తగ్గినది. ఖర్చు 18,300 అయినది. అప్పులకు 3,700 మిగిలినది. ఇప్పుడు వడ్డీలు పోను అసలులోనికి 1,100 పోవును.

ఈ 3,700 నెలాఖరున మిగిలినది కారాదు. జీతము వచ్చిన దినముననే అద్దెతో పాటు కట్టవలసిన మొదటి పద్దు కావలెను. మందులకు కేటాయించిన 700లో మిగిలినది డబ్బాలోనే యుండవలెను, మరియొక పద్దుకు పోరాదు. ఒక జ్వరము వచ్చినంత మాత్రమున మరల మూడు రూపాయల వడ్డీకి పోకుండ కాచునది ఆ డబ్బాయే.

ఏ అప్పు ముందు తీర్పవలెను? గణితము సూటిగా చెప్పును: ఎక్కువ వడ్డీది ముందు. బ్యాంకు వడ్డీ 800 కట్టుచు, మిగిలిన 2,900 ప్రోనోటుకు కట్టిన, అప్పిచ్చినవాడు అసలులో కొంతకొంత చెల్లు పుచ్చుకొన్నచో, 33 నెలలలో 60,000 తీరును. ఈలోగా కట్టిన వడ్డీ సుమారు 35,000. ఇచట ఒక ఉపాయమున్నది. బంగారము ధర పెరిగినందున అవే నగలపై బ్యాంకు మరి 60,000 ఇచ్చునేని, ఆ సొమ్ముతో ప్రోనోటు తీర్చివేసి, రూపాయి వడ్డీకి మారవచ్చును. అదే 2,900 కట్టుచు పోయిన 24 నెలలలో ఆ మొత్తము తీరును. వడ్డీ ఏడున్నర వేలు. భోజనములో ఒక్క మెతుకు తగ్గింపకయే ఇరువదియేడు వేలు మిగిలినవి.

అయినను ఈ ఉపాయమును మొదటి దినముననే చెప్పను. చిట్టా మూడు నెలలు నిలిచిన యింటికే ఇది మేలు చేయును. నిలువని యింట నోటు బాకీ తీరిన ధైర్యముతో క్రొత్త నోటు పుట్టును, నగలపై భారము మాత్రము రెట్టింపగును. కిస్తు తప్పిన నగలు వేలమునకు పోవును. ఇంకొక మాట. ఆ నగలు ఎవరివి? ముస్లిము గృహమున మహరు భార్య హక్కు. హిందూ గృహమున స్త్రీధనము ఆమెది. ఆమెను అడుగకుండ, “ఇంటికోసమే కదా” అని భర్త తీసికొని పోవుట ఆచారమైనది. నా అభిప్రాయమున అది కూడ ఒక అప్పే. చిట్టాలో ఆమె పేరున బాకీగా వ్రాయవలెను.

బావమరిది చేబదులుకు వడ్డీ లేదు గనుక గణితము దానిని కడపట నిలుపును. నేను ఒప్పుకొనను. వడ్డీ లేని అప్పు దొరకుట ఒక ఆస్తి. దానిని పాడుచేసికొన్నవానికి రెండవసారి మూడు రూపాయల వడ్డీయే గతి. రంజానుకు, దసరాకు ముందు మిషనుపై వచ్చు అదనపు రాబడిని మొదట కిరాణా బాకీకి, పిదప ఈ చేబదులుకు వేరుగా నుంచవలెను. సుమతీ శతకకారుడు నివసింపదగిన ఊరి లక్షణములలో అప్పిచ్చువానిని మొట్టమొదట చెప్పెను. వైద్యుడు, నది ఆ తరువాతనే. దివ్య ఖురానులో అన్నిటికంటె దీర్ఘమైన వాక్యము, రెండవ అధ్యాయములోని 282వది, అప్పును వ్రాసి ఉంచుకొనుటను గూర్చినది. దానికి రెండు వాక్యములు ముందు, ఇబ్బందిలో నున్న ఋణగ్రస్తునికి గడువీయుమను ఆదేశమున్నది. వ్రాసికొందమనిన బంధువు అవమానించినట్లు భావించువారు ఈ రెండు వాక్యములను కలిపి చదువుట మంచిది. హైదరాబాదు పండితుడు డాక్టరు ముహమ్మద్ హమీదుల్లా (1908–2002) వడ్డీలేని ఋణసంఘములను గూర్చి 1940ల దశకముననే వ్రాసియుండెను.

వాయిదాలపై వస్తువులు కొనువారికి ఒక హెచ్చరిక. 24,000 అప్పుకు రెండేండ్లకు 12 శాతము “ఫ్లాట్” వడ్డీ అందురు. వడ్డీ 5,760, నెలకు 1,240. కాని అసలు నెలనెల తగ్గుచుండగా వడ్డీ మాత్రము మొత్తము 24,000కు కట్టించుకొందురు. సరిగా గణించిన అది ఇరువదియొకటిన్నర శాతము. క్రెడిట్ కార్డు బాకీపై నెలకు మూడు, మూడున్నర శాతమనిన మన పాత మూడు రూపాయల వడ్డీయే; అంగడి మారినది. ఒక కిస్తు కట్టుటకు మరియొక అప్పు చేయుట ఎచటికి కొనిపోవునో 2010లో సూక్ష్మఋణముల సంక్షోభమున మన రాష్ట్రము చూచినది. 2022 నాటి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారము సూక్ష్మఋణమిచ్చు సంస్థ కుటుంబపు అన్ని కిస్తులు కలిసి నెలసరి ఆదాయములో సగము మించకుండ చూడవలెను. సగమనునది ఇచ్చువారికి హద్దు; పుచ్చుకొనువారికి అది చాల ఎక్కువ. మన కుటుంబపు 3,700 ఆదాయములో ఆరవ వంతు మాత్రమే, అయినను ఎంత కష్టముగా తేలినదో చూచితిమి.

ఇక కట్టునప్పటి జాగ్రత్తలు. ప్రోనోటుకు ఇచ్చిన ప్రతి మొత్తమును నోటు వెనుక చెల్లు వ్రాయించవలెను. అది వడ్డీకా, అసలుకా అని స్పష్టముగా వ్రాయించవలెను. తీరిన దినమున నోటును చేతికి తీసికొనవలెను. “రేపు వెదకి ఇచ్చెద” నన్నచో రసీదు లేకుండ లేవరాదు. బంగారపు అప్పు సాధారణముగా ఏడాదికొకసారి తిరుగవ్రాయవలసియుండును. నడుమ అసలులో కొంతకొంత కట్టనిత్తురా యని ముందుగానే అడుగవలెను. ప్రోనోటు వాటా 60,000 తీరిన తరువాత 3,700 మొత్తమును మిగిలిన 80,000 వైపు మరలింపవలెను. అదనపు సొమ్ము మిగిలినదని అద్దె ఎక్కువ ఇంటికి మారరాదు. ఈ లెక్కన తొలి కిస్తు మొదలు 48 నెలలకు నగలు ఇంటికి వచ్చును. ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలిక అప్పటికి ఇంటర్మీడియట్ పూర్తి చేసి, డిగ్రీ ప్రవేశపు దరఖాస్తు నింపుచుండును.