గెలవడానికి జంకిన అమ్మాయి

గోల్ఫ్‌లో తక్కువ దెబ్బలతో బంతిని గుంటల్లో వేసినవారిదే గెలుపు. స్వీడన్ బాలిక ఆనికా సోరెన్‌స్టామ్ మాత్రం పోటీ చివరలో కావాలనే ఒకటి రెండు దెబ్బలు ఎక్కువ కొట్టి రెండో స్థానంలో ఆగిపోయేది. ఎందుకో తెలుసా? గెలిస్తే అందరి ముందు నిలబడి మాట్లాడాలి! శిక్షకులు ఇది కనిపెట్టి, రెండో స్థానంవారు కూడా మాట్లాడాలన్నారు. ఇక ఓడినా తప్పించుకునే దారి లేదు.

ఆనికా 1970లో పుట్టింది. మొదట టెన్నిస్ ఆడేది. 12 ఏళ్లప్పుడు గోల్ఫ్ కర్రలు పట్టింది, అవీ చెల్లెలితో పంచుకున్నవే. అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయంలో చదివింది. 1995లో యూఎస్ మహిళల ఓపెన్ గెలిచింది. అమెరికా మహిళల టూర్‌లో మొత్తం 72 విజయాలు సాధించింది. 2001లో ఫీనిక్స్‌లో ఒక రౌండు, అంటే 18 గుంటలు, 59 దెబ్బల్లోనే ముగించింది. మామూలుగా అక్కడ 72 పడితే బాగా ఆడినట్టే!

2003లో టెక్సాస్‌లో పురుషుల పోటీలో దిగింది. 1945 తర్వాత ఆ టూర్‌లో మరో మహిళ ఆడలేదు. మొదటి రోజు 71, రెండో రోజు 74. నాలుగు దెబ్బల తేడాతో తర్వాతి రౌండ్లకు వెళ్లలేకపోయింది. కొద్ది వారాలకే ఎల్‌పీజీఏ ఛాంపియన్‌షిప్, ఆ వేసవిలోనే మహిళల బ్రిటిష్ ఓపెన్ గెలిచింది.