డ్రోను రిమోటుకును బ్యాటరీ కలదు

పొలములకు మందు చల్లు డ్రోనులు నేడు గ్రామములకు వచ్చుచున్నవి. 15,000 మహిళా సంఘములకు వీనిని సమకూర్చు నమో డ్రోన్ దీదీ పథకమును కేంద్ర మంత్రివర్గము 2023 నవంబరులో ఆమోదించినది. డ్రోను బ్యాటరీలను అందరును శ్రద్ధగా చూతురు. చేతిలోని రిమోటును మరతురు. అది మధ్యలో ఆరిపోయినచో పైనున్న యంత్రము మన మాట వినదు. బయలుదేరిన చోటికి తానే తిరిగివచ్చు ఏర్పాటు చాల డ్రోనులకు కలదు గాని, దారిలోని కొబ్బరిచెట్టును, కరెంటు తీగను తప్పక తప్పించుకొనునని నమ్మరాదు.

రిమోటులోని లిథియం బ్యాటరీని నిండుగా నింపి నెలల తరబడి దాచినచో సత్తువ తగ్గును. ఖాళీగా దాచుట అంతకన్న చేటు. ఉన్న కొంచెమును తరిగిపోయి, మరల చార్జి ఎక్కకపోవచ్చును. కావున పని లేని కాలమున సగము చార్జితో ఉంచి, మూడు నెలలకొకసారి చూడవలెను. పనికి ముందునాడు, మనుష్యులు మెలకువగానున్న వేళ, పూర్తిగా నింపవలెను. ఎండలో వేడెక్కినదానిని చల్లారిన పిదపనే చార్జికి పెట్టవలెను. ఉబ్బినదానిని వాడనే రాదు.

గాజువాక చుట్టుపట్ల సముద్రపు గాలి సోకు గ్రామములందు చార్జింగు పిన్నులకు చిలుము పట్టును. పొడిగుడ్డతో తుడిచి, మూతగల డబ్బాలో భద్రపరచుట మేలు.

ఈ పని ఎవరు చూడవలెనో సభ్యులు మహిళా సంఘముతో మాటలాడి నిర్ణయింపుడని మా మనవి. మరియొక రిజిస్టరు పెంచుట మా ఉద్దేశము కాదు. చార్జి చేసిన తేదీని గుర్తించుటకు గోడమీది క్యాలెండరు చాలును.