వర్ణన వాక్యం – అర్థం

కింది వాక్యాలు చదవండి.

1. గాలి చల్లగా ఉంది.
2. నాకు చలిగా ఉంది.

మొదటి వాక్యం గాలి గుణాన్ని చెబుతోంది. కాబట్టి 'గాలి' కర్త. చలి మన గుణం కాదు, మనకు కలిగే అనుభవం. అందుకే రెండవ వాక్యంలో 'నేను' రాలేదు, 'నాకు' వచ్చింది.

ఇరుగుపొరుగు భాషలనూ గమనించండి.

తమిళం: ఎనక్కుక్ కుళిర్గిఱదు.
కన్నడం: ననగె చళి ఆగుత్తిదె.
మరాఠీ: మలా థండీ వాజతే.
ఒడియా: మోతె థండా లాగుఛి.

అన్నింటిలోనూ మొదటి మాటకు 'నాకు' అనే అర్థం.

ఇంగ్లీషులో గాలికీ మనిషికీ ఒకటే మాట. 'ఐ యామ్ కోల్డ్' అంటారు. దీనిని మక్కికి మక్కి 'నేను చల్లగా ఉన్నాను' అని రాస్తే, క్షేమంగా ఉన్నానని అర్థం వస్తుంది! 'చల్లగా ఉండు' అని పెద్దలు దీవిస్తారు కదా. కనుక అనువదించేటప్పుడు ముందు అర్థం గ్రహించండి.

అభ్యాసం: ఆకలి, దాహం, భయం – వీటితో సొంత వాక్యాలు రాయండి. మీ రాష్ట్ర భాషలోనూ చెప్పి పోల్చండి.