నర్సు నిద్ర

ఊరెల్ల నిద్రించువేళ నర్సు మేలుకొని రోగులను కనిపెట్టుకొని యుండును. తెల్లవారి ఇల్లు చేరి పండుకొన్నను ఆమెకు నిద్ర సరిగా పట్టదు. ఏలన, మెదడులో వెలుతురును బట్టి నడచు గడియారమొకటి కలదు. నిద్రకు తోడ్పడు మెలటోనిన్ చీకటివేళ ఊరును; పగటివేళ తగ్గును. ఇట్టి గడియారము నడచు తీరును పండ్ల ఈగలలో కనుగొనిన మువ్వురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమానము లభించినది.

నిద్ర చాలని చేయి మందు కొలుచుటలో తడబడవచ్చును. కావున నర్సు నిద్ర రోగికిని రక్షయే. వడిగా నడచుట, సైకిలు తొక్కుట, ఈదుట మంచి నిద్రకు తోడ్పడును. పెద్దలు వారమునకు కనీసము 150 నిమిషములు ఇట్టి వ్యాయామము చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. అయితే పండుకొనబోవు ముందు కఠిన వ్యాయామము తగదు. గది చీకటిగా నుండవలెను.

పగలు నిద్రించు నర్సు ఇంట సద్దుచేయకుండుటయు రోగిసేవయే.