చరిత్రలో ఈ రోజు: సెప్టెంబరు 17

తెలంగాణ చరిత్ర, జాతీయోద్యమం, అంతర్జాతీయ అంశాలు మూడింటి నుంచీ పోటీ పరీక్షల్లో ప్రశ్నలు అడగడానికి వీలున్న తేదీ ఇది.

సంఘటనలు
● 1787: ఫిలడెల్ఫియాలో అమెరికా రాజ్యాంగంపై ప్రతినిధుల సంతకాలు.
● 1948: హైదరాబాద్ సంస్థానం లొంగుబాటు. సెప్టెంబరు 13న మొదలైన భారత సైనిక చర్య ‘ఆపరేషన్ పోలో’ ఐదు రోజుల్లో ముగిసింది. ప్రధాని మీర్ లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ రేడియోలో ప్రసంగించారు.
● 1978: క్యాంప్ డేవిడ్ ఒప్పందాలు. ఈజిప్టు అధ్యక్షుడు అన్వర్ సాదత్, ఇజ్రాయెల్ ప్రధాని మెనాహెమ్ బెగిన్ సంతకాలు చేశారు. మధ్యవర్తి జిమ్మీ కార్టర్.

జననాలు
● 1879: పెరియార్ ఇ.వి. రామసామి (ఈరోడ్).
● 1915: చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ (పంఢర్‌పూర్).
● 1950: ప్రధాని నరేంద్ర మోదీ (వడ్‌నగర్).
● 1986: క్రికెటర్ రవిచంద్రన్ అశ్విన్.

మరణాలు
● 1953: తమిళ రచయిత, కార్మిక నేత తిరు.వి. కల్యాణసుందరం.
● 1994: తత్వవేత్త కార్ల్ పాపర్.
● 1999: హిందీ గీత రచయిత హస్రత్ జైపురి.

గుర్తుంచుకోండి: నిజాం లొంగుబాటు ప్రకటన 17న వెలువడితే, ఆయన సేనాధిపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరికి లాంఛనంగా లొంగిపోయింది 18న. ఆ తర్వాత మిలిటరీ గవర్నర్ అయింది చౌదరియే. ఎం.కె. వెల్లోడి 1950 జనవరి 26న హైదరాబాద్ ముఖ్యమంత్రి అయ్యారు. ఈ వరుసను తేదీలతో సహా చదవండి.